చిలుక విన్న కథ, రాజు విన్న కథ

మాది ఆళ్ళగడ్డ. నాయన రాతిపని చేసేవాడు. విగ్రహం పూర్తయినాక పీఠం మీద చేయించినవాళ్ళ పేరు చెక్కే పని నాకిచ్చేవాడు. సుద్దతో గీసుకొని, సన్న ఉలితో అక్షరాలు తీసేవాణ్ణి. తర్వాత నంద్యాల చేరి, అచ్చుకూటంలో ఇరవై రెండేళ్ళు ప్రూఫులు దిద్దాను.

ఒకసారి ఒక తెలుగు లెక్చరర్ కళాపూర్ణోదయం అనే కావ్యం మీద రాసుకున్న చిన్న పుస్తకం మా దగ్గరికి అచ్చుకొచ్చింది. ప్రతి ఆశ్వాసం చివరి పద్యాలూ అందులో వరసగా ఇచ్చాడు. కంపోజింగ్ పిల్లోడు గేలీ పట్టుకొని నా దగ్గరికొచ్చాడు. "సారూ, ఈ రాజును పిలిచిందే పిలుస్తా ఉండాడు. తప్పు పడిందేమో, తీసెయ్యల్లా?"

"తియ్యొద్దు నాయనా, అది పీఠం మీద పేరు" అన్నాను. అన్నానే గానీ, ఆ రాత్రి ఆ కావ్యం ముందేసుకొని కూర్చుంటే తెల్లారిపోయింది.

ఆ రాజు మన ఊరివాడే, నంద్యాల కృష్ణమరాజు. ఆరవీటి వంశంలో నంద్యాల శాఖవాడు. ఆ ఇంట అవుభళరాజు అనే పేరు కూడా ఉంది. అవుభళమంటే మా అహోబిలమే. ఇప్పటికీ మా ఆళ్ళగడ్డ వైపు వీధికొక ఓబులేసు, ఇంటికొక ఓబులమ్మ. కావ్యం రాసింది పింగళి సూరన, 16వ శతాబ్దం నడుమ. నంద్యాల దగ్గరి కానాలలో సూరన ఉండేవాడని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. అష్టదిగ్గజాల్లో ఒకడని లోకమంతా ఆయన్ని శ్రీకృష్ణదేవరాయల సభలో కూర్చోబెడుతుంది. రాయలు 1529లోనే పోయాడు. కళాపూర్ణోదయం అందుకున్నది మాత్రం నంద్యాల. ఈ మాట మా పిల్లలకు బడిలో ఎవరైనా చెప్పాలని నా ఆశ.

అప్పట్లో పుస్తకం బయటికి రావాలంటే తాటాకు, గంటం ఉంటే చాలదు, కృతిపతి కావాలి. కావ్యం కన్య, కవి తండ్రి, అంకితం పుచ్చుకున్నవాడు మగడు. మొదట్లో అవతారికలో ఆయన వంశాన్ని పొగడాలి. ఆశ్వాసం మొదట్లో, చివర్లో ఆయన్ని పేరుపెట్టి పిలవాలి. ఆఖరున ఫలశ్రుతి, అంటే చదివినవాళ్ళకు, విన్నవాళ్ళకు కలిగే లాభం. ఇదంతా వృత్తి మర్యాద. సూరన ఒక్కటీ తప్పలేదు. తప్పకుండానే ఆ మర్యాదల్ని తెచ్చి కథ లోపల దాచాడు. వృత్తిలో ఉన్నవాళ్ళకు మాత్రమే తగిలే చమత్కారాలవి.

అవతారికే చూడండి. రెండర్థాలొచ్చేలా ఒక్క పద్యం రాయడమే కష్టమైతే, కావ్యమంతా అలా నడపడం ఎంతటి పాండిత్యమని కృష్ణమరాజు నిండుసభలో కవిని మెచ్చుకుంటాడు. రామాయణాన్నీ భారతాన్నీ ఒకే పద్యాల్లో చెప్పిన రాఘవపాండవీయం సూరనదే. రాజు నోట ఆ మాటలు పెట్టిందీ సూరనే. ఈనాడు వెనక అట్ట మీద పెద్దల మాట వేయించుకుంటామే, దాన్ని ఆయన పద్యంలోనే కట్టేసుకున్నాడు.

అసలు కీలకం లోపలి కథలో ఉంది. బ్రహ్మ సరస్వతికి కళాపూర్ణుడనే రాజు కథ చెబుతాడు. పైకి అది రాజు కథ. లోపల చూస్తే ఆ దంపతుల ఏకాంతపు ముచ్చట. విన్న సరస్వతి గుట్టు పట్టేస్తుంది. రెండర్థాల కావ్యం రాసిన కవి, సృష్టికర్తనే రెండర్థాల కవిని చేశాడు. మొదటి పాఠకురాలిగా చదువుల తల్లిని కూర్చోబెట్టాడు. ఇంతకంటే ధీమాగా వృత్తి గౌరవాన్ని చాటిన కవి నాకు కనిపించలేదు.

ఆ కథను ఒక చిలుక వింటుంది. సరస్వతి శాపం తగిలి, భూమ్మీద కలభాషిణి అనే వేశ్యగా పుడుతుంది, తర్వాత జన్మలో మధురలాలస అవుతుంది. బ్రహ్మ నోట వచ్చింది గనక కల్పించిన కథంతా నిజంగా జరుగుతుంది. భూమ్మీద ఈ కథ తెలిసినవాళ్ళకు సంపద, కొడుకులు, మనుమలు కలుగుతారన్నదీ బ్రహ్మ మాటే. పుస్తకం చివర అలవాటుగా పెట్టే ఫలశ్రుతి ఇక్కడ కథను నడిపే ఇరుసైంది. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, ఎన్నడూ చెప్పకూడని కథ అని పేరులోనే పెట్టారు.

1914లో కట్టమంచి రామలింగారెడ్డి కవిత్వతత్త్వ విచారమంతా ఈ కావ్యం చుట్టూ కట్టాడు. ఆయన కథను, కవిత్వాన్ని తూచాడు. నాకు మాత్రం అక్షరాలు దిద్దే అలవాటు కొద్దీ, మడతల్లో ఉన్న ఈ గుర్తులే ముందు కనిపిస్తాయి.

అన్నిటికన్నా నాకిష్టమైంది మధురలాలస ఘట్టం. పసిబిడ్డ ఆమె. కళాపూర్ణుడు ఇచ్చిన హారం రొమ్ముకు తగలగానే పూర్వజన్మలు గుర్తొచ్చి, గుక్క తిప్పుకోకుండా కథంతా చెప్పడం మొదలుపెడుతుంది. రాజు తన పుట్టుక కథను తనే వింటూ కూర్చుంటాడు. ఈ పద్యాలను సూరన నంద్యాలలో చదివి వినిపించిన రోజును తలచుకుంటాను. కావ్యంలో ఒక రాజు వింటున్నాడు, ఎదురుగా ఇంకో రాజు వింటున్నాడు. ఆశ్వాసం ముగిసింది. సూరన ఆకు తిప్పి, తలెత్తి, కృష్ణమరాజును పేరుపెట్టి పిలిచాడు.