రెండున్నరా, మూడున్నరా?

హాలండులో, ఆమ్‌స్టెల్‌వేన్‌లో కాపురం పెట్టిన మా అమ్మాయి మొదటి నెలలోనే ఫోనులో వాపోయింది. "అమ్మా, ఈ డచ్చి 'గ' నాకు పలకడం లేదే! రాసేది 'గ', పలికేది గొంతు గీరుకున్నట్టు. పొద్దున్నే 'ఖూదె మోర్ఖెన్' అని పలకరిస్తే దగ్గొచ్చిందా అని మంచినీళ్ళిస్తున్నారు!"

నాకు నవ్వాగలేదు. "జల్‌పల్లిలో పుట్టి పెరిగి ఆ మాట అంటావేమే? పక్కింటి ఖాలా 'క్యా ఖబర్' అనేది గుర్తు లేదూ? అదే 'ఖ'! పాతబస్తీ గొంతు పెట్టుకుని అను" అన్నాను. రెండు రోజుల్లో పట్టుబడింది. మా వీధి ఉర్దూ అలా సముద్రాలు దాటి పనికొచ్చింది.

తమాషా ఏమిటంటే, ఒకప్పుడు ఈ తంటా వాళ్ళది. 1605లో డచ్చివారు బందరు రేవులో దిగారు. ఎందుకనుకున్నారు? మన నేత బట్టలకీ, అద్దకం బట్టలకీ. వాటిని తూర్పు దీవులకు పట్టుకెళితే లవంగాలూ, జాజికాయలూ దొరికేవి. అయితే గోల్కొండ దర్బారులో మాట్లాడాలంటే పారసీ రావాలి, నేతగాళ్ళతో మాట్లాడాలంటే తెలుగు రావాలి. రెండూ రాని కొత్తవాళ్ళకి దుబాసీయే దిక్కు. అతను ఏం చెబితే అదే నిజం!

అందరూ అలాగే ఉండిపోలేదు లెండి. డేనియల్ హవార్ట్ అనే కంపెనీ ఉద్యోగి ఇక్కడ ఉన్న రోజుల్లో పారసీ శ్రద్ధగా నేర్చుకున్నాడు. స్వదేశం వెళ్ళాక 1688లో సాదీ కవి 'బూస్తాన్'ని డచ్చిలో అచ్చువేయించాడు. 1693లో, ఈ తీరంలో తమ వర్తకం ఎలా పెరిగి ఎలా తరిగిందో పెద్ద పుస్తకమే రాశాడు. మన అక్కన్న మాదన్నల ప్రస్తావన కూడా అందులో ఉంది. తక్కినవాళ్ళు బట్టల మూటలు పట్టుకెళితే, ఆయన ఓ భాషను పట్టుకెళ్ళాడు.

1825 నాటికి డచ్చివారి స్థావరాలు ఆంగ్లేయుల పరమయ్యాయి. బందరులో వలందపాలెం, భీమిలిలో పాత సమాధులు మిగిలాయి. మన 'ఛీంట్' వాళ్ళ నోట 'సిట్స్' అయింది. హిండెలోపెన్ అనే ఊళ్ళో ఆడవాళ్ళు ఆ పువ్వుల బట్టతో పండగ దుస్తులు కుట్టించుకునేవారు. మరి వాళ్ళు మనకిచ్చిపోయిన మాటో? చెప్పడానికి మొహమాటంగా ఉంది. 'కక్కసు' డచ్చి మాటేనంటారు! ఇంకో విడ్డూరం. ఇప్పటికీ వాళ్ళు చుట్టపక్కాల పుట్టినరోజుల క్యాలెండరు తగిలించేది ఆ గదిలోనేనట!

పుట్టినరోజంటే జ్ఞాపకం వచ్చింది. అక్కడ పుట్టినరోజు పిల్లనే కాదు, వాళ్ళ అమ్మనీ, నాన్ననీ, అత్తనీ కూడా అభినందించాలి. అందరూ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. కాఫీ, ఒక్క కేకు ముక్క. మనలా "ఇంకొంచెం, ఇంకొంచెం" అని విస్తట్లో కుమ్మరించరు. చెప్పకుండా ఎవరింటికీ వెళ్ళకూడదు. చెప్పిన వేళకి వెళ్ళకపోవడం అంతకన్నా తప్పు. పక్కింటి బామ్మగారు 'హాల్ఫ్ ద్రీ'కి రమ్మన్నారు. 'ద్రీ' అంటే మూడు, 'హాల్ఫ్' అంటే సగం, కనుక మూడున్నర అనుకుని మా అమ్మాయి పట్టుచీర కట్టుకుని తీరిగ్గా వెళ్ళింది. తీరా చూస్తే అది రెండున్నరట! మూడో గంటలో సగం అన్నమాట. కాఫీలు అయిపోయి కప్పులు కడుగుతున్నారట పాపం.

"పోనీ, అందరికీ ఇంగ్లీషు వచ్చుగా, ఎందుకీ అవస్థ?" అన్నాను. అదీ అలాగే అనుకుంది. తను డచ్చిలో తడబడగానే అవతలివాళ్ళే ఇంగ్లీషులోకి దిగిపోతారాయె. అంతలో మనవడికి నాలుగేళ్ళు నిండి బళ్ళో చేరాడు. ఆరు నెలల్లో డచ్చి గడగడా మాట్లాడేస్తున్నాడు. ఒకనాడు బడి గేటు దగ్గర టీచరమ్మ ఏదో గబగబా చెప్పింది. అర్థం కాలేదని చెప్పడానికి నామోషీ పడి మా అమ్మాయి తల ఊపేసింది. "ఏమన్నారురా?" అని వాణ్ణి అడిగితే, "నేను చాలా మంచివాణ్ణిట" అన్నాడు. వారం తర్వాత గానీ తెలియలేదు, వాడు పక్కపిల్లాడి చెయ్యి కొరికాడని ఆవిడ చెప్పిందట!

దుబాసీ తన లాభం చూసుకోకుండా ఉంటాడా చెప్పండి?

ఆ రాత్రి అమ్మాయి ఫోనులో నవ్వలేదు. "నా బిడ్డ సంగతి నాకే తెలియలేదమ్మా" అంది. మర్నాడే సాయంకాలం క్లాసులో చేరింది. ఏడాది తిరిగేసరికి టీచరుతో తనే మాట్లాడుతోంది. ఈసారి బామ్మగారు 'హాల్ఫ్ ద్రీ'కి పిలిస్తే సరిగ్గా రెండున్నరకి తలుపు తట్టిందట. ఆవిడ కప్పులు కడిగేలోపలే ఒక ముక్క కేకు దక్కింది.

ఇక మిగిలింది నా పని. ఆదివారం ఆదివారం ఫోనులో మనవడికి తెలుగు కథలు చెబుతున్నాను. లేకపోతే రేపు వాడు జల్‌పల్లి వచ్చినప్పుడు, మా ఇద్దరి మధ్యా వాళ్ళమ్మ దుబాసీగా కూర్చోవలసి వస్తుంది!