నైజాం రాజ్యమున ఆంగ్ల కుటుంబముల వంశాన్వేషణము

వలసపాలన కాలమున దక్కనులో స్థిరపడిన యూరోపియను, ఆంగ్లో ఇండియను కుటుంబముల పూర్వచరిత్రను చర్చి రిజిస్టర్లు, వీలునామాలు, సమాధి శాసనములు, ప్రాచీన వార్తాపత్రికల ఆధారమున నిర్ణయించు పరిశోధనమే ఈ వంశాన్వేషణము.

1806లో సికింద్రాబాదు దండు ఏర్పడుటతో సైనిక కుటుంబములును, 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ యెల్లందు ప్రాంతమున బొగ్గును గుర్తింపగా, 1886లో హైదరాబాదు (దక్కన్) కంపెనీ వెలసి, గార్ల, డోర్నకల్ మీదుగా బెజవాడకు రైలుమార్గము పడిన పిదప గనుల, రైల్వే ఉద్యోగుల కుటుంబములును ఈ సీమకు వచ్చెను.

లండనులోని బ్రిటిష్ లైబ్రరీయందు భద్రపరచబడిన మద్రాసు మతాధికార పట్టికలు (ఎన్/2 శ్రేణి) ఇందుకు ప్రధానాధారములు. బాప్తిస్మ పట్టికలో శిశువు పేరు, తేదీ, తల్లిదండ్రులు, తండ్రి వృత్తి, మతాచార్యుని సంతకము ఉండును. 1785లో వెలువడిన ‘మద్రాస్ కొరియర్’ మొదలగు పత్రికల జనన, వివాహ, మరణ ప్రకటనలును, జూలియన్ జేమ్స్ కాటన్ 1905లో ప్రకటించిన సమాధి శాసనముల సంకలనమును వీనికి పూరకములు.

ఉదాహరణకు, హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ ఆకిలీస్ కర్క్‌పాట్రిక్ (1764–1805), ఖైరున్నిసాల సంతానమైన సాహిబ్ బేగం, సాహిబ్ ఆలంలు ఇంగ్లండు చేరి, 1806 మార్చి 25న లండనులో బాప్తిస్మము పొంది, కాథరిన్ అరోరా, విలియం జార్జ్ అను నామములతో నమోదైరి. ఇట్లు పేర్లు మారుటవలనను, భారతీయ మాతృమూర్తుల నామములు పట్టికలలో తరచు లోపించుటవలనను, లేఖలు, వీలునామాలు పరిశీలింపనిదే వంశక్రమము సిద్ధింపదు. విస్మృతులైన ఆ స్త్రీలకు చరిత్రలో స్థానము కల్పించుటయే ఈ పరిశోధనమునకు గల విశిష్ట ప్రయోజనము.