కోచ్‌ని పీకెయ్యడం సరే, తయారుచేసేదెవరు?

2023 నవంబర్ 11న టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మిసిసిపీ స్టేట్‌ని 51-10 స్కోరుతో చితక్కొట్టింది. మర్నాడు ఆ జట్టు కోచ్ జింబో ఫిషర్ వుద్యోగం పీకేశారు. ఓడిన మర్నాడు కాదు, గెలిచిన మర్నాడు! ఆయన్ని ఇంటికి పంపడానికి ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన సొమ్ము సుమారు 76 మిలియన్ డాలర్లు. మన లెక్కలో 600 కోట్ల రూపాయల పైమాటే. అదీ 2031 దాకా వాయిదాల మీద. ఆయన వచ్చిన కొత్తలో యూనివర్సిటీ పెద్దాయన ఒక ఛాంపియన్‌షిప్ ఫలకం చేయించి, దానిమీద సంవత్సరం దగ్గర ఖాళీ వదిలి మరీ బహూకరించాడు, గెలిచాక నింపుకోమని. ఆ ఖాళీ అలాగే వుండిపోయింది.

(వాళ్ళు ఫుట్‌బాల్ అనేది చేత్తో ఆడే ఆట అని మీకు తెలిసిందే. దాని జోలికి ఇప్పుడు పోను.)

డాలస్‌లో ఆన్‌సైట్ చేసిన రోజుల్లో మా టీంలో ఒక తెలుగబ్బాయి వుండేవాడు. అక్కడే ఎమ్మెస్ చేశాడు. సోమవారం పొద్దున్న స్టేటస్ మీటింగ్‌కి ముందు అతను కోచ్‌ని తిట్టే తిట్లు వింటే, ఆ కోచ్ ఇతని పొలం గట్టు గానీ జరిపేశాడా అనిపించేది. నాకు నవ్వొచ్చేది, కొంచెం కుళ్ళు కూడా. ఎందుకంటే మా ఇంజనీరింగ్ కాలేజీ (పేరు అనవసరం) ఫుట్‌బాల్ జట్టుని నాలుగేళ్ళు గోడమీద కూచుని చూసినవాణ్ణి నేను. టోర్నమెంట్ పదిరోజులుందనగా సెలక్షన్లు. వ్యూహం అంటే ఒకటే, "కొట్టండ్రా ముందుకి!". ఎడంకాలితో బంతి ముట్టుకోగలిగినవాడు జట్టు మొత్తానికి ఒక్కడు, వాణ్ణి గోల్‌కీపర్‌ని చేశారు. మాకూ కోపం వచ్చేది. కానీ ఆ కోపాన్ని ఎవరిమీద చూపించాలి? ఆ మేష్టారు అటెండెన్సులు చూడాలి, ఇన్విజిలేషన్ చెయ్యాలి, కాలేజీ డేకి షామియానాలు వేయించాలి. మధ్యలో వాలీబాల్, కబడ్డీ, ఫుట్‌బాల్ మూడింటికీ ఆయనే కోచ్. ఆయన్ని పీకేస్తే వచ్చే ఇంకొకాయనా అదే పని చేస్తాడు.

అసలు కాలేజీ కోచ్ అనేవాడు ఎక్కణ్ణించి వచ్చాడు? అమెరికాలో కూడా మొదట్లో వాళ్ళు పాఠాలు చెప్పుకునే మనుషులే. షికాగో యూనివర్సిటీలో 1892 నుంచి నలభయ్యేళ్ళు కోచ్‌గా వున్న ఏమోస్ అలొంజో స్టాగ్‌కి అక్కడ ప్రొఫెసర్ హోదా వుండేది. నోటర్ డేమ్‌ని దేశమంతా తెలిసేలా చేసిన నూట్ రాక్నీ అదే కాలేజీ కెమిస్ట్రీ లాబ్‌లో అసిస్టెంటుగా పనిచేశాడు. 1913లో ఆయన ఆటగాడిగా వుండగా, బంతిని ముందుకి విసిరే పద్ధతిని బాగా సాధన చేసి వచ్చి, బలమైన ఆర్మీ జట్టుని 35-13తో ఓడించారు. కోచ్‌గా 1918 నుంచి 1930 వరకూ ఆయన జట్టు ఓడింది పన్నెండే పన్నెండు మ్యాచ్‌లు. కోట్లు, ఏజెంట్లు, ఖాళీ ఫలకాలు ఇవన్నీ తర్వాత వచ్చిపడ్డాయి.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మనకీ ఒక మేష్టారు వుండేవాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా పుణ్యమా అని ఈ పేరు కొంతమందికి తెలిసింది గానీ, అంతకుముందు హైదరాబాద్‌లో పదేళ్ళు వుద్యోగం చేసినవాళ్ళలో ఎంతమందికి తెలుసో మీరే ఆలోచించుకోండి.

1909లో హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు, అక్కడి జట్టుకి ఆడాడు. తర్వాత బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బళ్ళలో పాఠాలు చెప్పాడు. ఎక్కువగా సిటీ కాలేజీ కుర్రాళ్ళతో కూడిన 'ఎలెవెన్ హంటర్స్' అనే జట్టుకి కూడా ఆడాడు. అంటే ఈ కథ మొదలైంది కూడా కాలేజీ ఫుట్‌బాల్ దగ్గరే. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్ పట్టుకొచ్చింది. కలకత్తా క్లబ్బులు దేశాన్ని ఏలుతున్న రోజుల్లో!

ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చినవి రెండు టోర్నమెంట్లు. ఒకదాంట్లో బంతిని కాళ్ళ దగ్గర అట్టేపెట్టుకుని డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, వచ్చింది వచ్చినట్టు పాస్ చేసెయ్యాలి. ఇంకోదాంట్లో బలమైన కాలు వాడకూడదు. కుడికాలి వాటం వాడైతే ఎడంకాలితోనే ఆడాలి. కొత్తగా చేరినవాడికి "వారంరోజులు మౌస్ ముట్టుకోకు, అంతా కీబోర్డ్ మీదే" అని చెప్పి చూడండి, మొదట ఏడుస్తాడు, తర్వాత మనకంటే వేగంగా పనిచేస్తాడు. ఇదీ అంతే. పైసా ఖర్చు లేదు. ఒక నిబంధన మార్చాడు, దాంతో ఆటగాడే మారాడు. మా కాలేజీలో ఎడంకాలివాణ్ణి గోల్‌లో నిలబెట్టిన సంగతి మళ్ళీ గుర్తు చెయ్యక్కర్లేదనుకుంటా.

ఇక అభిమానుల కోపం సంగతి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో రహీం జట్టు ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్. యుగోస్లావియా చేతిలో 10-1. అవును, పది. మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు, ఆ చలిలో. ఇవాళ ఇలాంటి స్కోరు వస్తే కోచ్ విమానం దిగేలోపు వాట్సాప్‌లో శ్రాద్ధం పెట్టేస్తాం. అప్పుడు జరిగిందేమిటంటే, బూట్లు తప్పనిసరి చేశారు. తప్పు ఎక్కడుందో చూసి దాన్ని సరిచేశారన్నమాట. తర్వాతి ఒలింపిక్స్‌కి కోచ్‌గా వెళ్ళింది మళ్ళీ రహీమే.

ఆ తర్వాతి ఒలింపిక్స్ 1956 మెల్‌బోర్న్. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు, మనం ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించి సెమీస్‌కి వెళ్ళాం. సెమీస్‌లో ఎదురుపడింది మళ్ళీ యుగోస్లావియానే. ఈసారి ముందు గోల్ కొట్టింది మనం. చివరికి 4-1తో ఓడిపోయాం, మూడో స్థానం మ్యాచ్‌లో బల్గేరియా చేతిలోనూ ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. అయినా నాలుగేళ్ళలో 10-1 నుంచి అక్కడికి రావడం చిన్న విషయం కాదు. ఆ బృందంలో తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ లాంటి హైదరాబాదీలు వున్నారు. బలరాంది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. ప్రాక్టీసుకి అంత దూరం రాలేనంటే రహీం సాబ్ సైకిల్ అద్దెకి డబ్బులిచ్చి రప్పించాడు.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీంకి కాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆ కుట్లతో వెనక నిలబెట్టడం కష్టమని, రహీం అతన్ని ఏకంగా ఫార్వర్డ్‌గా ఆడించాడు. స్టేడియం మొత్తం మనకి వ్యతిరేకంగా అరుస్తుండగా సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా అదే కొరియా. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి. 2-1. స్వర్ణం. తొమ్మిది నెలలు తిరగ్గానే, 1963 జూన్ 11న రహీం పోయాడు. అప్పటికి ఆయనకి 53 ఏళ్ళు.

ఆ తర్వాత ఏమైంది? మన ఫీల్డులో 'బస్ ఫ్యాక్టర్' అంటారే, ఎంతమందిని బస్సు గుద్దితే ప్రాజెక్టు ఆగిపోతుంది అని. హైదరాబాద్ ఫుట్‌బాల్ బస్ ఫ్యాక్టర్ దాదాపు ఒకటి. పోలీస్ జట్టు కోచ్, అసోసియేషన్ కార్యదర్శి, జాతీయ జట్టు కోచ్, కుర్రాళ్ళని వెతికేది, సైకిల్ అద్దె ఇచ్చేది అన్నీ ఒక్కడే. అలాగని ఆయన కేటీ ఇవ్వలేదనడం అన్యాయం. ఇచ్చాడు, కాకపోతే అది వేరే వూళ్ళకి వెళ్ళిపోయింది. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మనకి కాంస్యం వచ్చినప్పుడు కెప్టెన్ హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్, కోచ్‌లలో ఒకరు రహీం శిష్యుడు పీకే బెనర్జీ. తర్వాత నయీముద్దీన్‌కి ద్రోణాచార్య అవార్డు కూడా వచ్చింది. కానీ కోచ్‌గా ఆయనకి పేరొచ్చింది కలకత్తా పెద్ద క్లబ్బుల్లో. బలరాం, హబీబ్ లాంటి ఆటగాళ్ళూ అప్పటికే అటు వెళ్ళిపోయారు. కాంపస్‌లో తయారైనవాళ్ళు ఆన్‌సైట్ వెళ్ళి తిరిగిరాకపోవడం మనకి కొత్తేం కాదు కదా.

"క్రికెట్ వచ్చి ఫుట్‌బాల్‌ని మింగేసింది" అని అందరూ అనే మాట. తారీఖులు చూస్తే అది నిలబడదు. జాతీయ పోటీ అయిన సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956-57, 1957-58లో వరసగా రెండుసార్లు గెలిచింది. ఆంధ్రప్రదేశ్ 1965-66లో గెలిచింది. మన వైపు ఆ ట్రోఫీ రావడం అదే ఆఖరు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో దేశానికి ఆఖరి పతకం 1970. కపిల్ దేవ్ ప్రపంచకప్ ఎత్తింది 1983లో. అంటే క్రికెట్ ఇంటింటికీ టీవీలో రాకముందే మన ఫుట్‌బాల్ మంచం పట్టింది. క్రికెట్ వచ్చి ఖాళీగా వున్న మైదానంలో వికెట్లు పాతుకుంది, అంతే.

డబ్బు తెచ్చి పోస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది, స్పెయిన్ నుంచి వచ్చిన మనోలో మార్కెజ్ కోచింగ్‌లో 2022 మార్చిలో ఐఎస్ఎల్ గెలిచింది. ఆ వెనకే జీతాల గొడవలు, ఆటగాళ్ళ వలసలు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ గచ్చిబౌలి స్టేడియంలో జరిగింది. మన ఆఫీసులకి కూతవేటు దూరం. ఆడింది బెంగాల్, కేరళ. మైదానం మనది, ఆట వాళ్ళది.

మాది చోడవరం దగ్గర గోవాడ. షుగర్ ఫ్యాక్టరీ వున్న వూరు. అయినా మా చుట్టుపక్కల కొందరు రైతులు ఫ్యాక్టరీకి తోలగా మిగిలిన చెరుకుతో బెల్లం వండుకుంటారు. గానుగ ఎవడైనా తిప్పుతాడు, పొయ్యిలో పిప్పి ఎవడైనా ఎగదోస్తాడు. పాకం ఎప్పుడొచ్చిందో, పెనం ఎప్పుడు దించాలో చెప్పేవాడు మాత్రం ఒక్కడుంటాడు. వాడు తప్పుచేస్తే ఆ రోజు చెరుకంతా దండగ. అందుకని వాడి పక్కన ఎప్పుడూ ఒక గుంటడు నిలబడి చూస్తుంటాడు. వాడికెవరూ పాఠం చెప్పరు, పదేళ్ళు చూశాక పెనం వాడిదవుతుంది. హైదరాబాద్‌లో 1963లో పెనం దగ్గర నిలబడ్డ గుంటళ్ళు వున్నారు. వాళ్ళకి ఇక్కడ పెనం చేతికివ్వలేదు.

అందుకని నా వాదన ఏమిటంటే, కోచ్‌ని పీకమని అడిగే హక్కు, కోచ్‌ని పెట్టినవాడికే వుంటుంది. అమెరికా కాలేజీ అభిమాని తిట్లకి విలువెందుకంటే, ఆ జట్టు వెనక పూర్వవిద్యార్థుల డబ్బుంది. 600 కోట్లు పెట్టి మనిషిని పంపించెయ్యడం పిచ్చే, దాన్ని నేను సమర్థించట్లేదు. కానీ ఆ డబ్బులో వెయ్యోవంతు మన దగ్గర ఏం చేస్తుందో ఆలోచించండి. మనవాళ్ళూ కాలేజీలకి ఇస్తున్నారు, ఇవ్వట్లేదని కాదు. కంప్యూటర్ లాబ్, సెమినార్ హాల్, గేటు దగ్గర ఆర్చి. ఏది ఇచ్చినా మీద పేరు చెక్కించుకోవడానికి రాయి వుండాలి. కోచ్ జీతం మీద పేరు చెక్కలేం, అదీ చిక్కు.

ఏఐఎఫ్ఎఫ్ లైసెన్స్ కోర్సు చేసిన ఒక కుర్రాణ్ణి ఒక కాలేజీకి అయిదేళ్ళపాటు పెట్టి, షామియానాలూ ఇన్విజిలేషనూ లేకుండా ఫుట్‌బాల్ ఒక్కటే అప్పగించండి. చుట్టుపక్కల బళ్ళ డ్రిల్లు మేష్టార్లని నెలకోసారి అతని దగ్గరికి పంపండి. ఏడాదికోసారి ఎడంకాలి టోర్నమెంట్ పెట్టండి, దానికి రహీం సాబ్ పేరు పెట్టండి. ఇంకో షరతు, అతని పక్కన మొదటిరోజు నుంచీ ఒక అసిస్టెంట్ వుండాలి. పదిమంది బ్యాచ్‌మేట్లు కలిసి నెలనెలా తలా కొంత వేసుకుంటే అయిపోయే ఖర్చు ఇది.

మూడో ఏడు కూడా జట్టు ఓడిపోతూనే వుండొచ్చు. అప్పుడు గోడమీద కూచుని ఆ కోచ్‌ని హాయిగా తిట్టుకుందాం. కనీసం ఈసారి ఆ తిట్లు తగలడానికి అక్కడ ఒక కోచ్ వుంటాడు.