న్యాయశాస్త్రము, సమాజము: విద్యార్థి వ్యాస బహుమతులకు ఒక పరిశోధన క్షేత్రము

శాసనము గ్రంథమున ఒక రీతిగను, వీథిలో వేరొక రీతిగను కానవచ్చును. ఈ రెంటి నడుమ గల అంతరమును విచారించుటయే న్యాయ సమాజ పరిశోధన. అమెరికాలో 1964లో ఏర్పడిన 'లా అండ్ సొసైటీ అసోసియేషన్' ఈ విషయమున విద్యార్థులు వ్రాసిన వ్యాసములకు బహుమతుల నొసంగుచున్నది. అట్టి బహుమతిని తెలుగు సంఘములు నెలకొల్పినచో, విద్యార్థి సామగ్రికై దూరము పోనక్కరలేదు. కోయంబత్తూరు, మధుర సీమలలోని పాత తెలుగు నివాసములే అందుకు చాలును.

16వ శతాబ్దిలో విశ్వనాథ నాయకుడు మధుర రాజ్యమును స్థాపించి, దేశమును 72 పాళెములుగా విభజించెనని సంప్రదాయము. పాళెగాడు తన సీమకు కావలి కాచి, కప్పము చెల్లించి, యుద్ధకాలమున సేన నంపవలెను. తగవులు తీర్చుటయు అతని పనియే. 1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయముతో పాళెగాండ్రలో పలువురు జమీందారులైరి. 1948 నాటి మద్రాసు చట్టముతో ఆ జమీందారీలును అంతరించెను. ఈ నాయకుల చరిత్ర పలుమార్లు వ్రాయబడినది. ఆ సీమలలోనే తోలుపని, కూలిపని చేసి బ్రదికిన అరుంధతీయుల చరిత్ర అంతగా వ్రాయబడలేదు. కొంగునాట వీరిలో అనేక కుటుంబములకు ఇంటిభాష తెలుగే.

నీలగిరుల పాదమున, భవానీ నది యొడ్డున గల మేట్టుపాళయమున అట్టి యింట పుట్టిన బిడ్డ నొకనిని ఊహింపుడు. 1956లో రాజ్యాంగమున చేరిన 350ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పుచున్నది. తమిళనాడు 2006లో చేసిన తమిళ అధ్యయన చట్టము ఒకటవ తరగతి మొదలు తరగతి వెంట తరగతిగా తమిళమును తప్పనిసరి చేసినది. భాషాల్పసంఖ్యాక విద్యార్థులకు పదవ తరగతి తమిళ పరీక్షనుండి మినహాయింపును 2023లో సుప్రీంకోర్టు ఒక యేడు పొడిగించినది.

ఆ బిడ్డకే మరియొక చట్టము కలదు. 2009 నాటి తమిళనాడు చట్టము షెడ్యూల్డు కులములకు గల 18 శాతములో 3 శాతమును అరుంధతీయులకు ప్రత్యేకించినది. అందలి ఏడు కులనామములలో మాదిగ, ఆది ఆంధ్ర అనునవియు ఉన్నవి. ఆంధ్రప్రదేశము 2000లో చేసిన ఇట్టి వర్గీకరణ చట్టమును 2004లో సుప్రీంకోర్టు కొట్టివేసినది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును త్రోసిపుచ్చి, వర్గీకరణ చెల్లునని నిర్ణయించినది.

భాషా చట్టమును చదువువాడు ఆ బిడ్డ కులమును చూడడు. రిజర్వేషను చట్టమును చదువువాడు ఆ బిడ్డ భాషను చూడడు. బిడ్డ మాత్రము ఒక్కడే. రెండు చట్టములు ఒక యింట కలియు చోటనే పరిశోధకునికి పని యున్నది.

రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. 1955లో దానికి శిక్షాస్మృతియు ఏర్పడెను. అయినను 2019 డిసెంబరు 2న వేకువ వేళ, మేట్టుపాళయము చెంత నాడూరులో భారీ వర్షమునకు ప్రహరీగోడ కూలి, ఇండ్లమీద పడి, 17 మంది మృతిచెందిరి. మృతులు అరుంధతీయులు. అది తమ్ము వేరుచేయుటకు కట్టిన గోడయని వారి పక్షమువారు వాదించిరి. గోడ యెత్తునకు అనుమతి యెవరిది, ఫిర్యాదు వినవలసినవా రెవరు, అస్పృశ్యతా చట్టము గోడకు వర్తించునా? ఇవి పరీక్షా పత్రములో వచ్చు ప్రశ్నలు కావు. బహుమతి వ్యాసమునకు తగిన ప్రశ్నలు.

పాఠశాల ప్రవేశపు పుస్తకములో మాతృభాష యని వ్రాసిన గడి, కులధ్రువపత్రము, వృద్ధుల వాఙ్మూలము, పట్టణ కార్యాలయపు దస్త్రము - ఈ నాలుగింటిని సరిపోల్చి చూచిన విద్యార్థికి సంఘము బహుమతి యొసంగుట ఉచితము. పాళెగాని కోటలో పలికినదియు, అరుంధతీయుని యింట పలుకుచున్నదియు ఒకే తెలుగు. చరిత్రలో రెండింటికిని చోటు దొరకినప్పుడే అది తెలుగువారి చరిత్ర యనదగును.