పక్షి గ్రామాలు (దక్షిణ భారతదేశం)

నీటిపక్షులు ఏటా ఒకే కాలంలో వచ్చి, ఊరి చెట్ల మీదా ఊరచెరువులోని చెట్ల మీదా గూళ్లు కట్టి పిల్లల్ని చేసే పల్లెలను పక్షి గ్రామాలంటారు. వీటిలో కాపలా మొదట ఊరివాళ్లదే. చట్టం, అటవీశాఖ ఆ తర్వాత వచ్చాయి. తమిళనాడులో వేడంతాంగల్, కర్ణాటకలో కొక్కరెబెళ్లూరు, ఆంధ్రప్రదేశ్‌లో నేలపట్టు, ఉప్పలపాడు, తేలినీలాపురం, తేలుకుంచి, వీరాపురం పేరొందినవి. గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు ఇక్కడికి వచ్చే ముఖ్యమైన పక్షులు.

తొలి దశ

పద్దెనిమిదో శతాబ్దానికి ముందు సంగతులు ఊళ్లలో నోటిమాటగానే నిలిచాయి. చెంగల్పట్టు దగ్గరి వేడంతాంగల్ చెరువులో వాలే పక్షులను బ్రిటిష్ సైనికులు తుపాకులతో కాల్చడం ఊరివాళ్లకు నచ్చలేదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు వారి పొలాలకు ఎరువు. వారి మొర విన్న కలెక్టర్ లయొనల్ ప్లేస్ 1798లో పక్షుల రక్షణకు హామీపత్రం ఇచ్చాడు. 1858లో దాన్ని తిరిగి ఖాయపరిచారు. 1936లో ఈ చెరువుకు అధికారికంగా అభయారణ్యం గుర్తింపు దక్కింది. పొలం అవసరం, పక్షి క్షేమం ఒకటేనని రైతులు గ్రహించి అధికారులను ఒప్పించిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

గ్రంథస్థమైన వివరాలు

నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డన్ 1862-64 మధ్య వెలువరించిన భారతీయ పక్షుల గ్రంథంలో, కర్ణాటిక్ ప్రాంతంలో తాను చూసిన ఒక పల్లెను పేర్కొన్నాడు. ఆ పల్లె నడిబొడ్డున అంత ఎత్తులేని చెట్ల మీద గూడబాతులు తరతరాలుగా గూళ్లు కడుతున్నాయనీ, పక్కనే మనుషులు తిరుగుతున్నా అవి బెదరవనీ రాశాడు. కడప జిల్లా బుచ్చుపల్లెలో 1902లో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కలిసి గూళ్లు కట్టుకున్నట్లు నమోదైంది. ఆ స్థావరం జాడ మళ్లీ దొరకలేదు. 1906లో సి.ఇ. రీనియస్ తిరునల్వేలి జిల్లా కూందంకుళంలో మరో స్థావరాన్ని గుర్తించాడు. అక్కడి జనం ఆ పక్షులను పవిత్రంగా చూసేవారు.

1946లో పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు వద్ద పెద్ద గూడబాతుల స్థావరాన్ని కె.కె. నీలకంఠన్ వెలుగులోకి తెచ్చారు. ఇందుచూడన్ కలంపేరుతో మలయాళంలో పక్షుల గురించి రాసిన ఆయన, ఈ స్థావరంపై విలువైన వ్యాసాన్ని 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రచురించారు. కొల్లేరు సరస్సు ప్రాంతపు ఈ స్థావరం 1970లలో చెదిరిపోయింది. ఇటీవలి దశాబ్దాల్లో కైకలూరు దగ్గరి ఆటపాక చెరువులో ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు మళ్లీ గూళ్లు కడుతున్నాయి. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది.

చట్టం, యువజన బృందాలు

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక, సూళ్లూరుపేట సమీపంలోని నేలపట్టు చెరువును 1976లో అభయారణ్యంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం 458.92 హెక్టార్లు. అదే ఏడు కర్ణాటక అటవీ అధికారి ఎస్.జి. నేగిన్‌హాళ్ మండ్య జిల్లాలోని కొక్కరెబెళ్లూరు విశిష్టతను బయటి ప్రపంచానికి చాటారు. అక్కడ గూళ్లు ఎక్కువగా రైతుల సొంత చింతచెట్ల మీదే ఉంటాయి. గూళ్లున్న చెట్టు దులిపితే పిల్లలు రాలిపోతాయి, దులపకపోతే కాపు పోతుంది. ఈ నష్టానికి చెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారం ఇచ్చే పద్ధతి పెట్టింది.

1994లో మైసూరు అమెచ్యూర్ నేచురలిస్ట్స్ తోడ్పాటుతో ఊరి యువకులు హెజ్జార్లె బళగ అనే సంఘం ఏర్పరచుకున్నారు. వీరి పని ప్రశంసనీయం. గూటినుంచి జారిపడిన గూడబాతు పిల్లను తల్లి తిరిగి పైకి తీసుకెళ్లలేదు. అలాంటి వాటిని యువకులు కంచె వేసిన ఆవరణలో ఉంచి, చేపలు తినిపించి, ఎగరడం వచ్చాక వదిలేస్తారు. ఆ ఊళ్లో ఈ పక్షులను పురుటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డలుగా చూస్తారు. 2002 చట్టసవరణ కమ్యూనిటీ రిజర్వు అనే కొత్త విభాగాన్ని తెచ్చాక, 2007లో కొక్కరెబెళ్లూరుకు ఆ హోదా వచ్చింది. దీనివల్ల ప్రైవేటు భూమి ప్రభుత్వానికి పోకుండానే చట్టరక్షణ లభిస్తుంది.

తెలుగు ప్రాంతంలో

శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి చింతచెట్లపై వాలుతాయి. నౌపడ చిత్తడి నేలలు వీటికి మేతస్థలం. పక్షులు రాని ఏడు ఊరికి అరిష్టమని పెద్దల నమ్మకం. ఇచ్ఛాపురం మండలం తేలుకుంచికి జూన్, జూలైలలో నత్తగుల్ల కొంగలు వస్తాయి. వరిచేలలోని నత్తలను ఏరి తింటాయి కాబట్టి రైతుకు మేలు. గుంటూరు సమీపంలోని ఉప్పలపాడులో ఊరి మంచినీటి చెరువులే స్థావరం. చిలమత్తూరు మండలం వీరాపురం ఎర్రకాళ్ల కొంగలకు పేరు. తెలంగాణలో ఖమ్మం దగ్గరి చింతపల్లి వాసులూ ఈ కొంగల రాకను శుభంగా భావించేవారు.

ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని ఈ ఊళ్లలో చాలాచోట్ల చెబుతారు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు నిజానికి భారత ఉపఖండపు పక్షులే. నీరు, మేత ఉన్నచోటికి ఇక్కడిక్కడే వలస తిరుగుతాయి. ఇక్కడ గూడు కట్టలేకపోతే వాటికి వెనక్కి వెళ్లే దూరదేశమేదీ లేదు.

సమస్యలు

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరంలో చెట్లను కూలదోసింది. 2021-22 చలికాలంలో తేలినీలాపురంలో గూడబాతులు పెద్దసంఖ్యలో చనిపోయాయి. చేపల ద్వారా సోకిన నులిపురుగులు కారణమని తేలింది. చెరువులు చేపల గుంటలుగా మారడం, పాత చింతచెట్లను కలపకు అమ్మేయడం అంతటా ఉన్న ముప్పు. రెట్ట వాసన, చింతపండు నష్టం భరించేది చెట్టు కింద ఇల్లున్నవాళ్లే. కనుక పరిహారం సకాలంలో అందిన ఊళ్లలోనే పాత చెట్లు నిలబడే అవకాశం ఎక్కువ. నాటిన చింతమొక్క గూళ్లు మోసే చెట్టు కావడానికి దశాబ్దాలు పడుతుంది. అందువల్ల కొత్తవి నాటడంతో పాటు ఉన్నవాటిని కొట్టకుండా చూడటం ఈ గ్రామాల్లో సంరక్షణకు మొదటి మెట్టు.