రక్తదాత బాధ్యత: చట్టం నడిచిన దారి
రక్తమార్పిడి, అంటే ఒకరి రక్తాన్ని మరొకరికి ఎక్కించడం, వ్యాధికి కారణమైతే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నలో భారతీయ చట్టం క్రమంగా దాతను కాక ఆసుపత్రి నడిపే సంస్థనే బాధ్యురాలిని చేసే వైపు మొగ్గింది. 2024 వరకు అమల్లో ఉన్న 1860 నాటి శిక్షాస్మృతి 269వ సెక్షన్ ప్రాణాంతక వ్యాధిని నిర్లక్ష్యంగా వ్యాపింపజేయడాన్ని నేరంగా పరిగణించినా, ఆ ప్రమాదాన్ని ఎరగని, ఎరిగే ఆధారమూ లేని దాతకు అది వర్తించేది కాదు. సుప్రీంకోర్టు 1996 జనవరి 4న ఇచ్చిన తీర్పుతో రక్తం అమ్ముకునే వృత్తిదాతల పద్ధతి 1998 నుంచి నిషిద్ధమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, బంధువు రక్తం ద్వారా హెచ్.ఐ.వి. సోకిన మహిళ సింగరేణి బొగ్గు గనుల సంస్థపై దాఖలు చేసిన కేసులో, 2001లో, పరిహార భారాన్ని దాతపై కాక ఆసుపత్రి నడిపే ఆ సంస్థపైనే మోపింది.