మానేరు సీమలో రోమన్ వెండి

కరీంనగర్ పక్కనే ఉన్న నుస్తులాపూర్‌లో 39 రోమన్ వెండి నాణేలు దొరికాయి. అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల కాలం నాటివి. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరు తవ్వకాల్లోనూ అగస్టస్ నాణెం బయటపడింది. నల్గొండ జిల్లా అక్కనపల్లిలోనైతే ఏకంగా 1,531 దొరికాయి. దేనారియస్ అనే ఈ నాణెం పాత పావలా బిళ్లంత ఉంటుంది. బరువు నాలుగు గ్రాములకు కాస్త తక్కువ.

రోమన్లకు నాణెం డబ్బే కాదు, ఊరూరా తిరిగే చాటింపు కూడా. క్రీ.పూ. 27లో సెనేట్ అగస్టస్‌కు బంగారు డాలు బహూకరించి, దానిమీద శౌర్యం, క్షమ, న్యాయం, భక్తి అన్న నాలుగు గుణాలు రాయించింది. ఆ డాలు నాణేలకెక్కింది. భక్తి అంటే వాళ్ల లెక్కలో దేవుళ్లతోపాటు కన్నవాళ్లకూ దేశానికీ చెల్లించాల్సిన రుణం. రానురాను గుణాలు స్త్రీమూర్తులయ్యాయి. తక్కెడ పట్టుకున్నది సమదృష్టి, పువ్వు పట్టుకుని కట్టుబట్ట అంచు కాస్త ఎత్తి నడిచేది ఆశ.

తెలుగు నేలకు ఎక్కువగా వచ్చినవి రెండే రకాలు. ఒకదానిమీద అగస్టస్ దత్తపుత్రులు గైయస్, లూసియస్ డాళ్లూ ఈటెలూ పట్టుకుని నిలబడి ఉంటారు; పైన పూజారి గరిటె, వంకీ కర్ర. శౌర్యమూ భక్తీ రెండూ ఆ వేలెడు చోటులోనే. వారసులనుకున్న ఆ ఇద్దరూ క్రీ.శ. 4 నాటికే చనిపోయారు. రెండోది టైబీరియస్‌ది: కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. శాంతి దేవత అనీ, చక్రవర్తి తల్లి లివియా అనీ అంటారు.

లాటిన్ అక్షరాలు ఇక్కడెవరికీ అక్కర్లేదు. వెండి మేలిమే ముఖ్యం. భారతదేశానికి ఏటా ఐదు కోట్ల సెస్టర్స్‌లు (రోమన్ల చిన్న నాణేలు) తరలిపోతున్నాయని రోమన్ రచయిత ప్లీనీ వాపోయాడు. క్రీ.శ. 64లో నీరో వెండి తగ్గించాక కొత్త దేనారియస్‌ల రాక పలచబడింది, పాతవాటికే గిరాకీ.

బొమ్మ మాత్రం నచ్చింది. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో టైబీరియస్ నాణెం అచ్చుతో చేసిన మట్టి బిళ్లలు దొరికాయి. శాతవాహనులూ రాజు తల ముద్రించిన వెండి నాణేలు వేశారు. నేరుగా రోమ్‌ను చూసి కాదు, పశ్చిమ భారతాన్ని ఏలిన క్షత్రపుల నాణేల దారిలో. శాతవాహనుల నాణేల వెనకవైపు గుణదేవత ఉండదు. కొండ గుర్తు, ఉజ్జయిని గుర్తు, చుట్టూ రాజు పేరు ఉంటాయి. ముందువైపు ప్రాకృతంలో ఉన్న ఆ పేరే వెనక ద్రావిడ భాషలో కనిపిస్తుంది.